ఇస్త్రీ కొట్టు గోడమీది బెజ్జాలు

మా వదినకు కోపం వస్తే ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వాటంతటవే అంటుకునేవి. అగ్గిపెట్టెతో పనే ఉండేది కాదు. పెట్టె మూత తీసి, లోపలికి చూస్తూ ఎవరో ఒకరిని మనసులో తలుచుకునేది. అంతే, బొగ్గులు ఎర్రబడేవి.

సరే, ఒక అగ్గిపుల్ల గీసేదేమో. కాస్త కిరసనాయిలు కూడా చల్లేదేమో. కానీ విసనకర్ర పట్టుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. తరవాత కరెంటు పెట్టె వచ్చింది. కరెంటు పోయినా ఆవిడ చేతిలో అది చల్లారేది కాదని చెబుతాను గానీ, మీరు నమ్మరు. వదిలేయండి.

నమ్మవలసింది ఒక్కటే ఉంది. ఆవిడ వెన్నెముక విరిగింది. విరిగిన సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడానికి సగం కారణం ఆవిడ కోపం. మిగతా సగం మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మా అన్నా వదినలది మెట్ల కింద ఇస్త్రీ కొట్టు. పాత తలుపు ఒకటి ఇనుప కాళ్ళ మీద పడుకోబెడితే అదే బల్ల. దాని మీద నాలుగు మడతల కంబళి, ఆ పైన పడవ ఆకారంలో కాలిన మరకలున్న గుడ్డ. మూతకు చిల్లులు పొడిచిన నీళ్ళ సీసా. ఎదురుగా ఈ గోడ నుంచి ఆ గోడకు ఇనుప రాడ్డు. చొక్కాలు రుద్ది, హ్యాంగర్లకు వేసి, ఆ రాడ్డుకు తగిలించడం వదిన పని. మడతలు మా అన్న పని. మాట్లాడటం వదిన పని. వినడం అన్న పని. అలా పంచుకున్నారు.

వీధిలో ఆవిడ పేరు ‘ఇస్త్రీపెట్టె’. ఎదురుగా మాత్రం అందరూ ‘అమ్మగారూ’ అనేవారు. ఒకసారి ఒక ప్లీడరు తెల్లచొక్కా తెచ్చి, “ఈ మచ్చ మీ కొట్టులోనే పడింది” అన్నాడు. వదిన చొక్కా అందుకుని వాసన చూసింది. “ఇది కూర మచ్చ. నా పెట్టె వంట చెయ్యదు. మీ ఇంట్లో వాదించి గెలవలేక ఇక్కడికొచ్చారా?” ఆయన చొక్కా అక్కడే వదిలేసి వెళ్ళాడు. నన్ను కాన్వెంటులో సిస్టర్లు స్కేలుతో కొట్టి మరీ నిటారుగా నిలబెట్టేవారు. ఆ సిస్టర్లే తమ తెల్లబట్టలు ఇవ్వడానికి వస్తే వదిన ముందు నిటారుగా నిలబడేవారు.

కొట్టుకు అసలు బలం వీధి చివర ఉన్న పెద్దాసుపత్రి. అక్కడి మంచాల దుప్పట్లు ఉతికి, సగం తడిగానే, మూటలుగా వచ్చేవి. దుప్పటి ఒక్కరు మడిచేది కాదు. ఇద్దరు కావాలి. అటు రెండు కొసలు అన్న, ఇటు రెండు కొసలు వదిన. చేతులు పైకెత్తి బిగలాగి, ఒక అడుగు ముందుకు, ఇంకో అడుగు ముందుకు, చివరికి ఆవిడ తన కొసలు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాలి. కొస మీద కొస కూర్చోవాలి, వెంట్రుకంత తేడా రాకూడదు. అది వదిన శాసనం. వాళ్ళిద్దరూ కలిసి సినిమాకు వెళ్ళగా నేను చూడలేదు. దగ్గరికి రావడమంటూ ఉంటే దుప్పటి మడిచేటప్పుడే.

ఒకరోజు ఆ తడి మూట బల్ల మీదికి ఎత్తబోయింది. వీపులో ఎండుపుల్ల విరిగిన చప్పుడు వినబడిందట. వెంటనే మూట ముడి చూసుకుంది. ముడి బాగానే ఉంది. “తాడు తెగలేదే, మరి తెగిందేమిటి?” అంది. ఆ తరవాత బల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పక్కవీధి డాక్టరు చెయ్యి కూడా వెయ్యకుండా చెప్పాడు: “నడుం పట్టేసిందమ్మా. ఈ వయసులో మామూలే.” ఒక పూత మందు రాసిచ్చాడు. వదిన పూత రాసుకుని, పైన గట్టిగా గుడ్డ కట్టుకుని, మళ్ళీ పెట్టె పట్టుకుంది.

కొన్నాళ్ళకు కొట్టులో రాడ్డు పైకి పోయింది.

వదిన అలాగే చెప్పింది. హ్యాంగరు అందడం లేదు. వెంటనే వెల్డరును పిలిపించింది.

“రాడ్డు పైకి పోయింది.”

“ఎలా పోతుందమ్మగారూ? దానికేమైనా రెక్కలా?”

“అది నువ్వు చెప్పాలి. బిగించింది నువ్వేగా! నిన్నటిదాకా అందింది, ఇవాళ అందడం లేదు. నా చెయ్యి అరిగిందంటావా?”

వెల్డరు రాడ్డు వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. ఆవిడ వెనకాల మా అన్న రెండు చేతులూ జోడించి, వద్దు, అనొద్దు అన్నట్టు తల ఊపుతున్నాడు. వెల్డరుకు పెళ్ళయింది, కాబట్టి అర్థమైంది.

“గోడ కుంగిందమ్మా,” అన్నాడు. “గోడ కుంగితే రాడ్డు పైకొచ్చినట్టుంటుంది.”

“చూశారా? నేను చెప్తే విన్నారా?” అని వదిన మా అన్న మీద ఒంటికాలి మీద లేచింది.

వెల్డరు నాలుగు వేళ్ళ కిందికి కొత్త బెజ్జాలు కొట్టి, పాతవాటిని సిమెంటుతో పూడ్చి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ ఏడాది చివర రాడ్డు మళ్ళీ ‘పైకి పోయింది’. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ దించాడు; ఈసారి పాత బెజ్జాలు పూడ్చడానికి కూడా ఆగలేదు. ఆ మధ్యలో బల్ల కూడా ఎత్తయింది. మా అన్న కొడుకు ఆదివారంపూట ఇనుము కోసే రంపం తెచ్చి, తల్లి లేని సమయం చూసి, దాని కాళ్ళు కోశాడు. ఇక దుప్పట్లు. కొసలు కలవడం మానేశాయి. “చేతులు ఆకాశానికెత్తుతారేం? దేవుడికిస్తున్నారా దుప్పటి?” అని వదిన అరిస్తే, మా అన్న మోకాళ్ళు వంచి నిలబడటం నేర్చుకున్నాడు. చీర కట్టినవాళ్ళైతే దాచుకోవచ్చు, పంట్లాం వేసుకుని మోకాళ్ళు వంచితే దొరికిపోతాం. అయినా ఆవిడ కనిపెట్టలేదు. కనిపెట్టదలచుకోలేదని నా అనుమానం.

ఇంత జరిగినా, ‘నువ్వు కుంగిపోతున్నావు, వీపు వంగుతోంది, ఏదో అయింది’ అని ఒక్కరు అనలేదు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? ఇస్త్రీపెట్టె మీద చెయ్యి ఎవరు వేస్తారు? గోడను కుంగించారు, బల్ల కాళ్ళు నరికారు, మనిషిని మాత్రం అడగలేదు. ప్రేమే, కాదనను. పిరికి ప్రేమ. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుకుతాను.

నాకు అప్పటికి ఇవేమీ తెలియవు, నేను వేరే వీధిలో ఉండేవాణ్ణి. నొప్పి తట్టుకోలేక ఒకరోజు వదిన నన్ను పిలిచింది. “ఏమయ్యా మరిదీ, పెద్దాసుపత్రికి నాతో రా. నీ కాన్వెంటు ఇంగ్లీషు తుప్పు వదిలించుకో. వాళ్ళు ఇంగ్లీషులో తిడితే నువ్వు తెలుగులో చెప్పు, నేను తెలుగులో తిడతా, నువ్వు ఇంగ్లీషులో చెప్పు.”

ఎముకల డాక్టరు కుర్రవాడు. మంచివాడే. బయట బెంచీల నిండా జనం ఉంటే మంచివాళ్ళకు కూడా కళ్ళు గడియారం మీదే ఉంటాయి. ఎముక సాంద్రత చూసే స్కాను రాశాడు. చల్లటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టారు. మిషను చెయ్యి ఒకటి ఆవిడ మీదుగా మెల్లగా జరిగింది. పడుకోవడానికే ప్రాణం పోయింది, అయినా వదిన అన్న మొదటి మాట: “ఈ దుప్పటి మన కొట్టుదే. మడత మీద ముడత వేసి పరిచారు, చేతకానివాళ్ళు.”

రిపోర్టు వచ్చింది. డాక్టరు మొదటి పేజీ చూసి నవ్వాడు. “అమ్మా, మీ వెన్ను మీ వయసువాళ్ళందరికంటే గట్టిగా ఉంది. భయం లేదు.”

“మరి నొప్పి?”

“కండరాలు బిగుసుకుంటున్నాయి.” ఆవిడ మొహం చూసి కొంచెం వెనక్కి జరిగాడు. “కోపం ఎక్కువా అమ్మా మీకు? కోపం తగ్గించుకోండి. సగం నొప్పి అదే పోతుంది.”

అక్కడ వదిన ఏమందో నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. సిస్టర్లు నాకు ఆ మాటలు నేర్పలేదు.

ఇంటికొచ్చాక ఆ కాగితం చేత పట్టుకుని మా అన్న కొడుకు ఎంత సంబరపడ్డాడో! “చూశావా అమ్మా? ఎముకలు ఉక్కంట! నీ కోపమే రోగమంట! నేను పుట్టినప్పటి నుంచీ చెప్తున్నా.” మా అన్న మొహం మీద కూడా ఒక వెలుగు. జన్మలో మొదటిసారి ఆయన తరఫున సైన్సు మాట్లాడింది.

నొప్పి నిజమో, కాగితం నిజమో తేల్చుకోలేక, పాపం, వదిన నోరు మూసుకుంది. నిజంగానే. కోపం మానేసింది. ప్లీడరుకు “కూర్చోండి బాబూ” అంది. రంగు వెలిసిన చొక్కా తెచ్చినవాడికి సారీ చెప్పింది. వీధి వీధంతా హడలిపోయింది. కూరల బండివాడు నా దగ్గరికొచ్చి, “అమ్మగారు నాతో బేరం ఆడలేదు సార్, ఏమైనా సీరియస్సా?” అని అడిగాడు. ఆవిడ మాత్రం పళ్ళ బిగువున నవ్వుతూ, వీపు రోజురోజుకూ ముందుకు వంగుతూ, ఆసుపత్రి దుప్పట్లు రుద్దుతూనే ఉంది. ఆ నవ్వు నేను చూశాను. పొయ్యి మీద నీళ్ళు చల్లితే వచ్చే పొగలా ఉంది.

ఒక పొద్దున నీళ్ళ సీసా చిలకరిస్తూ తుమ్మింది. ఒక్క తుమ్ము. అక్కడికక్కడే కూలబడింది. మా అన్న పరుగెత్తుకొచ్చి లేపబోతే, చెయ్యెత్తి ఆపింది. అరవడానికి నోరు తెరిచింది, ఊపిరి అందలేదు. ఆ నోరు తెరుచుకుని చప్పుడు రాకపోవడం చూశాకే మావాళ్ళకు భయమంటే ఏమిటో తెలిసింది. నాకు కబురొచ్చింది.

ఈసారి కుర్రడాక్టరు పక్కన, తెల్లజుట్టు పెద్ద డాక్టరమ్మ ఉంది. వదిన కుర్చీలో కూర్చోలేక గోడకానుకుని నిలబడింది. కుర్రాడు పాత రిపోర్టు తీసి, “మేడమ్, సాంద్రత బాగుంది, కండరాలు…” అనబోయాడు. డాక్టరమ్మ వినిపించుకోలేదు. వదిననే చూస్తూ అడిగింది.

“అమ్మా, మీరు ఈమధ్య ఎత్తు తగ్గారా?”

చిన్న ప్రశ్న. దాని మీదే అంతా ఆధారపడి ఉంది. అప్పటికది మాకెవరికీ తెలియదు.

“నేనా?” అంది వదిన. ఊపిరి అందకపోయినా కోపం అందింది. “నేనెందుకు తగ్గుతాను? నేనేమైనా సబ్బు బిళ్ళనా?”

“ముందు అందినవి ఇప్పుడు అందకపోవడం లాంటిది…”

“నాకన్నీ అందుతాయి. మా కొట్టులో రాడ్డుకు నేనే హ్యాంగర్లు తగిలిస్తాను. కావాలంటే వచ్చి చూడండి.”

డాక్టరమ్మ తల ఊపి, కలం తీసింది. కుర్రాడు అప్పుడే “అవే మందులు కొనసాగించమంటారా?” అని అడిగాడు. నేను మా అన్న వంక చూశాను. అన్న తేలు కుట్టిన దొంగలా నేల చూస్తున్నాడు. చివరికి, ముప్పై నలభై ఏళ్ళుగా దాచుకున్న గొంతు బయటికి తీశాడు.

“రాడ్డు దించాం.”

“ఏమిటీ?” అంది వదిన.

“రాడ్డు పైకి పోలేదు. మేమే దించుతూ వచ్చాం. బల్ల కాళ్ళు కోయించాం. నేను మోకాళ్ళు వంచుతున్నాను.” డాక్టరమ్మ వైపు తిరిగి, జానెడు కంటే కొంచెం తక్కువగా వేళ్ళు చాపి చూపించాడు. “పూడ్చిన బెజ్జాలు కూడా గోడమీద కనిపిస్తాయమ్మా. మొదటి దానికీ ఇప్పటి దానికీ ఇంత.”

వదిన మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. కుర్రడాక్టరు మాత్రం చూసి, కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

“పక్కనుంచి ఎక్స్‌రే తీయించండి,” అంది డాక్టరమ్మ. “ఇప్పుడే.”

బొమ్మ వెలుగు పలక మీద పెట్టారు. వెన్నుపూసలు నాకు ఒకదాని మీద ఒకటి పేర్చిన డబ్బాల్లా కనిపించాయి. రెండు డబ్బాలు ముందువైపు నుజ్జయి, ఏటవాలుగా కోసిన ముక్కల్లా ఉన్నాయి. వాటి మూలానే పై డబ్బాలన్నీ ముందుకు ఒరిగాయి. ఎంత స్పష్టంగా ఉందంటే, కళ్ళజోడు లేకుండా నాకే కనిపించింది. పక్కనుంచి చూస్తేనే సుమా. ఎదురునుంచి చూస్తే నాకేమీ తెలిసేది కాదు.

“ఒకటి పాతది. ఒకటి కొత్తది,” అంది డాక్టరమ్మ. “ఆ మిషను పైనుంచి చూసి, ఇంత జాగాలో ఎంత ఎముక ఉందో లెక్కగడుతుంది. నలిగిన పూసలో అదే ఎముక తక్కువ జాగాలో కుక్కుకుని ఉంటుంది. అందుకని గట్టిగా ఉన్నట్టు చూపిస్తుంది. తుంటి ఎముక లెక్క రెండో పేజీలో ఉంది. అది తక్కువే వచ్చింది.” ఆ చివరి మాట వదినతో కాదు, కుర్రవాడితో అంది. మెల్లగానే అంది.

అప్పుడు లేచింది మా వదిన కోపం. ఇన్నాళ్ళూ మూతపెట్టిన కోపం. గోడకానుకున్న మనిషి గోడ వదిలేసింది.

“నలిగిపోయినదాన్ని చూసి గట్టిది అందా మీ మిషను? బాబూ, నా నడుం విరిగితే నువ్వు నా కోపానికి మందిచ్చావు! నేను మీ దుప్పట్లు మోస్తూ విరిగాను. ఆ దుప్పటి మీదే పడుకోబెట్టి, నాకేం లేదన్నావు. కోపం మానుకోమంటే మానుకున్నా. నవ్వమంటే నవ్వా. నవ్వుతూ ఇంకో ఎముక విరగ్గొట్టుకున్నా! వయసు, వయసు, వయసు! నా వయసు మీకు వీధి అరుగా? చెత్త తెచ్చి దాని మీద పెట్టడానికి?”

కుర్రడాక్టరు తల దించుకున్నాడు. “తప్పు నాదేనమ్మా,” అన్నాడు. అలా అన్నందుకు నాకతని మీద గౌరవం కలిగింది. కోపం మాత్రం పోలేదు. ఎందుకు పోవాలి? ఆ బయట బెంచీల మీద ఎంతమంది వీపులు వంచుకుని కూర్చున్నారో నేను చూశాను. అంట్లు తోమి వంగినవాళ్ళు, నీళ్ళు మోసి వంగినవాళ్ళు, మిషను కుట్టి వంగినవాళ్ళు. వాళ్ళందరికీ ‘వయసు’ అనే పూతమందు రాసి పంపుతున్నాం. ముసలిది వంగకపోతే ఎవరు వంగుతారని నవ్వుకుంటున్నాం. ఆ వంపు లోపల ఎముక విరిగిన చప్పుడు ఉంటుందని, ఒక్కసారి పక్కకు తిప్పి చూస్తే కనిపిస్తుందని ఎవరికి పట్టింది?

వదిన అన్న వైపు తిరిగింది. అది ఇంకా ఘోరం, ఎందుకంటే అరవలేదు.

“మీరు నాకు చెప్పలేదు.”

“నీకు కోపమొస్తుందని…”

“వస్తే? కాలిపోతారా? నలభై ఏళ్ళుగా కాలలేదుగా!” ఆయన కాళ్ళ వంక చూసింది. “మోకాళ్ళు నొప్పెట్టలేదా మీకు?”

“పెట్టాయి,” అన్నాడు మా అన్న. “అలవాటైంది.”

ఆ మాటకు వదిన కళ్ళు తుడుచుకోలేదు. నా రుమాలు లాక్కుని ముక్కు చీదింది, అంతే. అది కూడా భయపడుతూ, మెల్లగా.

నలిగిన పూసలు మళ్ళీ ఎత్తు పెరగవని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మిగతావాటిని మాత్రం కాపాడుకోవచ్చట. ఎముకకు బలమిచ్చే సూది, మాత్రలు, నడుముకు బెల్టు, బరువులెత్తకపోవడం. తడి మూటలు ఇప్పుడు ఆసుపత్రివాళ్ళే మనిషిని పెట్టి బల్ల మీదికి ఎక్కిస్తున్నారు. అది వదిన పెట్టిన షరతు. కొట్టు మూసెయ్యమని కొడుకు బతిమాలాడు. “నీ రంపం తెచ్చుకో, ముందు నీ కాళ్ళు కోస్తా” అంది.

ఆ తరవాత వెల్డరును పిలిపించింది. వాడు వణుకుతూ వచ్చాడు.

“గోడ కుంగిందన్నావుగా! ఇప్పుడు లేచింది. రాడ్డు మొదటి బెజ్జాల్లోనే పెట్టు.”

“అందదమ్మగారూ…”

“అందదు. నాకు తెలుసు. నేను పొట్టి అయితే అయ్యాను, నా కొట్టు పొట్టి కానక్కర్లేదు.”

సిమెంటు తవ్వి, రాడ్డు పైకెక్కించాడు. ఇప్పుడు వదిన చేతిలో కొక్కెం బిగించిన పొడవాటి కర్ర ఉంటుంది. దాంతోనే హ్యాంగర్లు తగిలిస్తుంది, దాంతోనే ప్లీడరును బెదిరిస్తుంది. కింది బెజ్జాలు రెండు జతలూ అలాగే వదిలేసింది. పూడుస్తానంటే ఒప్పుకోలేదు.

ఇదంతా రాసి, నిన్న కొట్టుకు వెళ్ళి చదివి వినిపించాను. అన్న మడతలు పెడుతూ విన్నాడు. వదిన బెల్టు సర్దుకుని, పెట్టె నిలబెట్టి, చివరిదాకా విన్నది.

“అయిందా?” అంది.

“అయింది.”

“నేను ఎవరి మీదా కోప్పడలేదు. ఆ కుర్రాడు బంగారం లాంటి పిల్లాడు. నేను తుమ్మనే లేదు. మీ అన్నయ్య మోకాళ్ళు వంచితే నాకు తెలియదా, నేనేమైనా గుడ్డిదాన్నా? ఆ బెజ్జాలు ఎలకలు చేసినవి.”

“ఇటుక గోడలోనా వదినా?”

“పెద్ద ఎలకలు.” ఒక ఆసుపత్రి దుప్పటి తీసి, రెండు కొసలు నా చేతిలో పెట్టింది. “కబుర్లాపి ఇది పట్టుకో. నిటారుగా నిలబడు. మోకాళ్ళు వంచావో, చూడు.”

నేను చేతులు పైకెత్తి పట్టుకున్నాను. ఆవిడ అటునుంచి ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, మునివేళ్ళ మీద కొంచెం లేచి, కొస మీద కొస పెట్టింది. వెంట్రుకంత తేడా లేదు.

“చూశావా, నేను పొట్టి అవలేదు,” అంది. “నువ్వు రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా నిజం కాదు.”